లెక్కకు రాని తుపాకీ గుండు

నా చిన్నప్పుడు, సరిగ్గా చెప్పాలంటే నాకు తొమ్మిదేళ్ళ నాలుగు నెలలు నిండినప్పుడు, మా నాన్నకు తుపాకీ గుండు తగిలింది. ఆ రోజు మంగళవారం. ఉదయం పది దాటి ఇరవై నిమిషాలు.

మాది ప్రత్తిపాడు దగ్గర పల్లెటూరు. కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. అడుగు కాయకు కూడా ఎండ తగలాలని మా వాళ్ళు వాటిని వట్టి కాళ్ళతో తిరగేసేవారు. అందుకని ఆ నెలంతా ఇంట్లో పెద్దవాళ్ళ పాదాలు మండుతూనే ఉండేవి. ఏ పూటైనా కాస్త మంట తగ్గితే అదే పండగ.

పక్క చేను ఆసామి అడవిపందులను బెదరగొట్టడానికి ఉంచుకున్న నాటు తుపాకీని గట్టు మీద కూర్చుని తుడుస్తున్నాడు. లోపల మందు కూరి ఉందని మరిచిపోయాడు. ఒక్కసారిగా పేలింది. గుళ్ళన్నీ మిరప కుప్పలోకి పోయాయి, ఒక్కటి తప్ప. నాన్న ఛాతీకి ఎడమ పక్కన, చొక్కా మీద కందిగింజంత చిల్లు పడింది. రక్తం కూడా పెద్దగా కారలేదు. ఆ ఆసామే ఏడుస్తూ ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క జీపు తోలుకొచ్చాడు. నాన్నతో పాటు పెదనాన్న ఎక్కాడు. నేను దిగనని మొండికేసి వెనక కూర్చున్నాను.

మా మేనత్త గుంటూరులో ఒక ఆసుపత్రిలో నర్సు. అక్కడికే తీసుకెళ్ళాం. డాక్టరు గారు ఛాతీకి ఎక్స్‌రే తీయించారు. అందులో గుండు కనిపించలేదు. పెదనాన్న ముఖం వెలిగిపోయింది.

"పైపైన తగిలి కింద పడిపోయుంటుంది లేరా. అదృష్టవంతుడివి!" అన్నాడు.

నాన్న నవ్వాడు. "ఇంకో వింత చూడు అన్నయ్యా. నిన్నటి నుంచీ మండిపోతున్న ఎడమ కాలు చల్లగా అయిపోయింది. మంటే లేదు."

అందరం సంతోషించాం. మిరప రోజుల్లో కాలి మంట పోయిందంటే మా వైపు ఎవరికి అనుమానం వస్తుంది? ఇంటికి పోదామని పెదనాన్న చొక్కా కూడా అందించాడు. మేనత్త ఆ చొక్కాను లాక్కుంది.

"కుడి కాలో?"

"అది మండుతూనే ఉందమ్మా."

"మిరపకాయకి కుడీ ఎడమా తెలుస్తుందా అన్నయ్యా?" అంటూ వంగి రెండు పాదాలూ పట్టుకుంది. తరువాత నన్ను పిలిచి, నా రెండు వేళ్ళు నాన్న కుడి పాదం పైన ఆనించింది. చర్మం కింద ఏదో చిన్నగా కొట్టుకుంటోంది. అవే వేళ్ళు ఎడమ పాదం మీద పెట్టించింది. అక్కడ ఏమీ లేదు. రాయి పట్టుకున్నట్టుంది.

"లెక్కలు బాగా చేస్తావటగా, ఇది చెయ్యి. లోపలికి పోయిన చిల్లు ఒకటి. వీపున బయటికి వచ్చిన చిల్లు లేదు. ఛాతీలో గుండు లేదు. మరి ఎక్కడుంది?"

"ఒంట్లోనే ఇంకెక్కడో ఉండాలత్తా" అన్నాను నేను.

ఆవిడ పరుగులాంటి నడకతో వెళ్ళి డాక్టరు గారిని వెంటబెట్టుకొచ్చింది. ఆయన పాదం నొక్కి చూసిన మరుక్షణం నడుము నుంచి కింది దాకా ఎక్స్‌రే తీయమన్నారు. గుండు దొరికింది. ఎడమ తొడ మొదట్లో, పెద్ద రక్తనాళంలో ఉంది. ఛాతీలోంచి గుండెలోకి దూరిందట. గుండె దాన్ని రక్తంతో పాటు బయటికి తోసేసిందట. అది అలా కొట్టుకుపోయి, నాళం సన్నబడే చోట బిరడాలా బిగుసుకుందట. చిన్నది కావడంతో గుండెలో పడిన చిల్లు దానంతటదే మూసుకుందని ఆయన అన్నారు. కాలికి మాత్రం రక్తం అందడం లేదు. ఇంకో రెండు గంటలు ఆలస్యమైతే కాలు తీసేయక తప్పదన్నారు.

ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టాక కూడా డాక్టరు గారు వెంటనే కత్తి పట్టలేదట. మరో ఎక్స్‌రే తీయించారు. నడిచే గుండుకు ఇందాకటి చిరునామా పనికిరాదని అన్నారట. ఆ మాట మేనత్త తరువాత చెప్పింది. గుండు అప్పటికే నాలుగు అంగుళాలు కిందికి జారింది. తొడకు ముందు తీసిన ఎక్స్‌రే చూసి కోసి ఉంటే వట్టి చోట వెతికేవాళ్ళే.

లోపలికి తీసుకెళ్ళింది ఒంటిగంటా పది నిమిషాలకు. తలుపు తెరుచుకున్నది మూడు గంటలకు. మేనత్త నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, నా వేళ్ళను నాన్న ఎడమ పాదం మీద పెట్టింది. గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టమంది.

పాదం వెచ్చగా ఉంది. చర్మం కింద కొట్టుకుంటోంది. నిమిషం పూర్తయ్యేదాకా లెక్కపెట్టాను.

"ఎనభై ఎనిమిది!" అని అరిచాను. వరండాలో పెదనాన్న "ఎనభై ఎనిమిదంట్రోయ్!" అని అంతకన్నా గట్టిగా అరిచాడు. ఆ అంకె అర్థం ఆయనకు తెలియదు. జీపు తెచ్చిన ఆసామి, ఆయన ఒకరినొకరు పట్టుకుని ఏడ్చేశారు. ఆసుపత్రిలో అరుపులేమిటని మేనత్త కసిరింది కానీ, ఆవిడ కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి.

గుండె మీద అనుమానంతో పన్నెండు రోజులు ఉంచి, పదమూడో రోజు పంపించారు. నాన్న జీపు దగ్గరికి ఎవరి భుజమూ పట్టుకోకుండా నడిచాడు.

నొప్పి పెరిగిందంటే ఎవరైనా కంగారు పడతారు. నొప్పి పోయిందంటే ఎందుకు పోయిందో అడగాలని నాకు నేర్పింది మా మేనత్త. ఇప్పటికీ ఇంట్లో ఎవరైనా "తగ్గిపోయింది" అంటే వదలను. రెండో వైపు కూడా పట్టి చూస్తాను, తేడా ఉంటే కారణం తేలేదాకా అడుగుతూనే ఉంటాను. మా కోడలు దాన్ని చాదస్తం అంటుంది. అననీ. మా మేనత్తకున్న ఆ చాదస్తం వల్లే మా నాన్న ఆ తరువాత ముప్పై ఒక్క ఏళ్ళు రెండు కాళ్ళ మీద నడిచాడు.