తాళాలాయన సెలవు
నీటి కనెక్షన్లు మంజూరు చేసే ఆ ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌ని అందరూ తాళాలాయన అనేవారు. మెట్ల కింద ఇరుకు గది, అందులో ఒక ముసలి కంప్యూటర్, దుమ్ము పడకుండా దాని మీద పాత దుప్పటి ముక్క. ఆయన సామ్రాజ్యం అంతే. అయినా పొగరుకేం తక్కువ లేదు.

ఆ ఆఫీసులో ఏ ఉత్తర్వు మీదైనా సంతకం కంప్యూటర్‌లోనే పెట్టాలి. దానికి ఎవరి తాళంచెవి వాళ్లకుండాలి. ఆ తాళంచెవులు పుట్టించడానికి ఆఫీసు వెబ్ పేజీలో ఎవరో మహానుభావుడు ఒక గడి పెట్టాడు. బటన్ నొక్కితే జంట చెవులు తయారవుతాయి. ఒకటి హెడ్డాఫీసుకి పోతుంది, రహస్యమైన రెండోది నొక్కిన కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది. ఎవరి కంప్యూటర్‌లో వాళ్లు నొక్కుకోవాలని ఆయన ఉద్దేశం. తీరా కొత్త బ్రౌజర్లు ఆ గడిని పనికిరాదని తీసిపారేశాయి. మిగతా గదుల్లో పేజీ తెరిస్తే దాని చోట ఖాళీ కనిపించేది. పేజీ మార్చమని హెడ్డాఫీసుకి రాస్తే, విషయం పరిశీలనలో ఉందని జవాబు వచ్చేది.

ముసలి కంప్యూటర్‌లో మాత్రం గడి భేషుగ్గా ఉంది. తాళాలాయన అందరినీ తన దగ్గరికే పిలిచి నొక్కించాడు. దాంతో ఆఫీసు మొత్తం తాళంచెవులు మెట్ల కిందే పుట్టి, మెట్ల కిందే ఉండిపోయాయి. సంతకం పెట్టాలంటే పెద్ద ఇంజినీరైనా తల వంచి ఆ గదిలోకి దూరాల్సిందే. రెండుసార్లు నుదురు గుద్దుకున్నాక ఆయన తన తాళంచెవి పాస్‌వర్డ్ తాళాలాయనకి చెప్పేసి, తాను ఫోన్లో ఊఁ అంటే చాలు, నొక్కేయమన్నాడు. మిగతావాళ్లూ అదే దారి పట్టారు. తిలాపాపం తలా పిడికెడు.

అలా ఉండగా తాళాలాయన కూతురికి నెలలు నిండకుండానే ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఆ పిల్ల పొరుగూరి ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి, నాన్న వస్తే భయం ఉండదని ఏడ్చింది. ఆయన వెంటనే సెలవు అడగడానికి పెద్ద ఇంజినీరు గదికి పరిగెత్తాడు.

"నువ్వు లేకపోతే ఆఫీసే నడవదయ్యా, ఎలా వదలమంటావు?" అన్నాడు ఆయన.

ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఎవరైనా అంటే బాగుండునని తాళాలాయన ఎదురుచూసిన మాట అది. ఇప్పుడది చెంప మీద కొట్టినట్టయింది. చెప్పకుండా పోతే ఉద్యోగం ఊడుతుంది. అలా ఊడినవాళ్లు ఆయనకి బాగా తెలుసు, ఆ ఉత్తర్వుల మీద బటన్ నొక్కింది తనే కదా.

భార్యకి ఫోన్ చేసి సంగతి చెప్పాడు.

"పెద్దాయన సంతకం రోజూ పెట్టేది మీరేగా? ఇవాళ మీ సెలవు మీద పెట్టుకోండి."

"ఆయన ఊఁ అనకుండా పెడితే అది దొంగ సంతకమే."

"ఊఁ అంటే మంచి సంతకమా?"

ఆయన ఫోన్ పెట్టేశాడు. తన పేర సెలవు ఉత్తర్వు తెరిచి, పెద్ద ఇంజినీరు పాస్‌వర్డ్ కొట్టి, నొక్కేశాడు. మొదటి బస్సెక్కి వెళ్లిపోయాడు. తల్లీ బిడ్డా క్షేమంగా బయటపడ్డారు. మనవరాలిని చేతుల్లో పెడితే సిగ్గు విడిచి ఏడ్చాడు.

తిరిగొచ్చిన రోజే పెద్ద ఇంజినీరు కబురు పెట్టాడు. బల్ల మీద సెలవు ఉత్తర్వు ఉంది.

"ఈ సంతకం నేను పెట్టానా?"

"మీదేనండి" అన్నాడు తాళాలాయన, నేల చూస్తూ.

పెద్ద ఇంజినీరు ముఖం ఎర్రబడింది. కాదని అరవబోయి నోరు మూసుకున్నాడు. ఇది తనది కాదంటే, ఇన్నేళ్ల మంజూర్లలో తనవేవని హెడ్డాఫీసు అడుగుతుంది. తేలు కుట్టిన దొంగలా ఉత్తర్వుని పక్కకి జరిపాడు. తర్వాత అమ్మాయి ఎలా ఉందని అడిగాడు. బాగుందని విని తలూపాడు.

"సంతకం నాదే. ఇంకోసారి నేను నీకు సెలవిస్తే మాత్రం, ఆ సంగతి నాక్కూడా చెప్పు."