కప్పున్న వంతెనలు

మా వంటక్క ప్రభువునందు నిద్రించింది. నేను పిల్లల్ని బడి దగ్గర దింపి వచ్చేసరికి మేడం గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది. వంటగదిలోనే కూలిపోయిందట, ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. శుక్రవారం ఆదరణ కూడికలో ఆవిడ గురించి నాలుగు మాటలు చెప్పమని పెద్దలు నన్ను లేపారు. "చాలా మంచిది" అన్నాను, అంతే, కూర్చున్నాను. ఆవిడ అంతేనా అని అప్పటినుంచి మనసు పీకుతోంది. అందుకే ఈ కలం పట్టాను. నేను చదివింది హైస్కూలు వరకే, తప్పులుంటే మన్నించండి.

ఈ అరబ్బు దేశంలో, జుఫైర్‌లో ఒకే ఇంట్లో ఆవిడ వంటమనిషి, నేను ఆయా. పొయ్యి వెలిగించే ముందు చెంగు తల మీదికి లాక్కుని కళ్ళు మూసుకునేది. యాభై ఏళ్ళ నన్ను "అమ్మాయ్" అని పిలిచేది. ఊరి మీద బెంగతో నేను కన్నీళ్ళు పెట్టుకుంటే కంచం ముందుకు జరిపి, "తిని ఏడువు అమ్మాయ్. ఖాళీ కడుపుతో ఏడిస్తే కళ్ళు తిరుగుతాయి" అనేది.

భర్త పోయాడు, పిల్లలు లేరు. ఉన్నది తమ్ముడు. గుంటూరు దగ్గర ఊళ్ళో ఇల్లు కట్టిస్తోంది. గోడలు లేచాయి. తమ్ముడి కుటుంబం అద్దింట్లో ఉంటూ పని చూసేవాళ్ళు. "స్లాబు పడిందంటే ఖలాస్. ఇంటికెళ్ళి పడుకుంటా" అనేది అక్క.

పోయినేడు సెలవులకు మా సారువాళ్ళు అమెరికా వెళుతూ మమ్మల్నిద్దర్నీ తీసుకువెళ్ళారు. అక్కడ కొండల్లో పాత వంతెనలు చూడాలని మేడం ముచ్చట. మొదటిది కనబడగానే కారు ఆపారు. ఎర్రరంగు చెక్క గోడలు, పైన ఏటవాలు కప్పు. అక్క దిగి, చెప్పులు దారి పక్కన విడిచి, తల మీద చెంగు కప్పుకుని లోపలికి నడిచింది. పిల్లలు పకపకా నవ్వారు.

"అక్కా, అది చర్చి కాదు, వంతెన. కింద ఏరు చూడు" అన్నాను.

పలకల సందుల్లోంచి నీళ్ళు చూసింది. "అయితే ఏం? ఇంత చల్లటి చోట చెప్పులేసుకుని ఎట్టా నడుస్తానమ్మాయ్?"

వానకు జనం తడవకుండా కప్పు వేశారా అని సారుని అడగమంది. జనం కోసం కాదట. కప్పు ఉంటే కింద దూలాలు కుళ్ళవు, అందుకే అన్నేళ్ళు నిలిచిందని ఆయన చెప్పారు. అది విని అక్క ఒక దూలం మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడింది. "మోసేదానికి కూడా నీడ కావాలని ఎవరికో తోచింది చూడు" అంది. ఆ తర్వాత ప్రతి వంతెన దగ్గరా చెప్పులు విడిచింది. పిల్లలూ బూట్లు విప్పడం మొదలుపెట్టారు.

తిరిగి వచ్చాక, శుక్రవారం ప్రార్థనకు వ్యానులో ముహర్రక్ వంతెన దాటుతుంటే, "పాపం, దీని నెత్తిన గుడ్డముక్క కూడా లేదు" అనేది. "సౌదీ దాకా కొత్తది వేస్తున్నారుగా, దానికి కప్పు వెయ్యమని చెప్పిరా పో" అని ఒకామె ఆటపట్టించేది. "ముందు నీ ఇంటికి వేయించుకో వదినా" అని ఇంకొకామె. "ఊళ్ళో వానలు తగ్గనియ్యండే" అని అక్కా నవ్వేది.

వానలు తగ్గకముందే అక్క పోయింది. శవాన్ని ఊరికి పంపిస్తానని సారు అన్నారు. తమ్ముడితో ట్రంకాల్‌లో నేనే మాట్లాడాను.

"అద్దింట్లోకి శవాన్ని రానివ్వనంటున్నాడక్కా ఇంటాయన. మనింటికేమో కప్పు లేదు. చర్చి దగ్గర మోకాటి లోతు నీళ్ళు. పెట్టెను ఎక్కడ దించమంటావు?" అన్నాడు. కాసేపు ఏడుపే వినబడింది. "అక్కడే కానిచ్చెయ్యండి" అన్నాడు.

ఇక్కడే పూడ్చాము. నిన్న కబురొచ్చింది, వానలు ఆగాయట, స్లాబు పడిందట. అప్పటినుంచి మోకరిస్తున్నాను గాని ప్రార్థనలో మాట రావడం లేదు. ఆ కొద్ది రోజులు వానను ఆపలేకపోయావా తండ్రీ అన్న ఒక్క మాటే వస్తోంది. అలా అడగడం పాపమైతే, పాపమే చేస్తున్నాను.

ఈరోజు సమాధి దగ్గరికి వెళ్ళాను. చెప్పులు గేటు దగ్గర విడిచాను, ఇసుక కాలుతోంది. చుట్టూ ఒక్క చెట్టు లేదు. చెంగు విప్పి రెండు చేతులతో ఆ మట్టి మీద పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ తల ఉన్న మేరకు కాస్త నీడ పడింది. వ్యాను డ్రైవరు "యల్లా, పోదాం పద" అని పిలిచేదాకా పట్టుకున్నాను. చెయ్యి దించగానే మళ్ళీ ఎండ.

ఈ కాగితాలు ఎవరి చేతికొచ్చినా బైబిల్లో పెట్టి దాచండి. ఎవరికీ చూపించకండి. ఆ తమ్ముడి పిల్లలకు అసలే వద్దు. వాళ్ళు ఆ కప్పు కింద నిద్రపోవాలి.