వెంట్రుకవాసి వంపు

ఇరవై ఏళ్లు దాటింది. ఒక అబద్ధం గొంతులో ముల్లులా ఉండిపోయింది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరు నా మొహం చూడరు కదా, అందుకే మీకు చెబుతున్నాను.

అతన్ని రహీం అందాం. అసలు పేరు వద్దు. అతనిది కర్నూలు, నాది తెనాలి వైపు. పాత ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేసే పని మీద ఇద్దరం ఒకే నెలలో మెల్‌బోర్న్ వచ్చాం. ఒకే ఆఫీసు. క్రాన్‌బర్న్‌లో ఒకే వీధి. రెండువేల సంవత్సరం వచ్చింది. ఏ కంప్యూటరూ ఆగలేదు, మా అవసరం మాత్రం తీరిపోయింది. అందరితో చేతులు కలిపి సాగనంపుతూ ఒక్కణ్ణి పర్మనెంట్ చేసుకున్నారు. రహీంని.

కేకు కోస్తుంటే చప్పట్లు కొట్టాను. అందరికంటే గట్టిగా కొట్టాను. లోపల కుళ్లుకున్నాను. ఇంతకంటే మర్యాదైన మాట నాకు దొరకడం లేదు.

ఉద్యోగం ఒక్కటే అయితే ఓర్చుకునేవాడినేమో. ఏమో, అదీ నమ్మకంగా చెప్పలేను. పక్కింటివాళ్లు ఫెన్స్ మీదనుంచి అతన్ని 'మేట్' అని కేకేసి, పెరట్లో మాంసం కాల్చుకుతినే బార్బీకి పిలిచేవారు. నన్ను చూస్తే నా పేరెలా పలకాలని మళ్లీ అడిగేవారు. మా మేనేజరు అతన్ని రైఫిల్ క్లబ్బుకు తీసుకెళ్లాడు. లైసెన్సు వచ్చింది, పాత రైఫిల్ ఒకటి కొన్నాడు, శనివారం మధ్యాహ్నాలు దూరాన బోర్డులకు గురిపెట్టడం మొదలుపెట్టాడు. మొదలుపెట్టడమేమిటి, ఏడాదిలో వాళ్లందరినీ మించిపోయాడు. వేరే రాష్ట్రంలో ఆడబోయే జట్టులోకి అతన్ని తీసుకుంటారన్నారు. ఆ మాట మా ఇంట్లో చెప్పినరోజు మా ఆవిడ అంది, "అన్నయ్యని చూడండి. మీరేమో శనివారం కూడా ఆ టీవీకే అతుక్కుపోతారు." పప్పు వడ్డిస్తూ, మామూలుగా అంది. నేను కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాను.

ఆ జట్టు కోసమే అతను కొత్త స్కోప్ కొన్నాడు. రైఫిల్ మీద బిగించే దుర్బిణి. అందులో నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత ఉంటాయి. రైఫిల్ మట్టంగా ఉన్నప్పుడు ఆ నిలువు గీత తిన్నగా నిలబడాలి. దాన్ని సరిచూసి బిగించడానికి నన్నే పిలిచాడు. ఎందుకంటే మా నాన్న తాపీమేస్త్రి. ఆఫీసులో నేనెప్పుడూ చెప్పుకోని సంగతి అది. అతను మాత్రం గొప్పగా చెప్పుకునేవాడు.

వాళ్ల డైనింగ్ టేబుల్ మీద రెండు బియ్యం సంచులు పెట్టి, ఖాళీ రైఫిల్‌ను వాటి మీద ఆనించాం. పెరట్లో బట్టలారేసే తీగకు దారం కట్టి, కింద తాళంకప్ప వేలాడదీశాం. రైఫిల్ మీద చిన్న రసమట్టం. అందులో బుడగ కదలకుండా రహీం పట్టుకున్నాడు. నేను స్కోప్‌లో కన్ను పెట్టి, నిలువు గీత ఆ దారంతో కలిసేదాకా తిప్పాను. కలిసింది. మరలు బిగించడం మొదలుపెట్టాను. బిగించేకొద్దీ స్కోప్ వెంట్రుకవాసి తిరిగింది.

"తిన్నగుండాదాప్పా?"

"ఉంది."

"నువ్వు మేస్త్రి కొడుకువి. ఇంగ నేను సూసేదేముంది!"

ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నది ఇంతవరకే. మర తిప్పింది, నేను చూసీ ఊరుకున్నాను, అంతే అని. అంతేనా? కాదు. మర తిప్పింది వెంట్రుకవాసి. ఇంకో వెంట్రుకవాసి నా వేళ్లతో నేనే తిప్పాను. తిప్పి, ఆఖరి మర బిగించాను. జీవితంలో ఒక్క గోడ కూడా వంకరగా కట్టని మనిషి నేర్పిన కన్ను అది. దాన్ని అలా వాడుకున్నాను.

ఆ మాత్రం వంపు దగ్గర గురిలో తెలియదు. దూరం పెరిగితే స్కోప్ మీది మర తిప్పి గురిని పైకెత్తుకోవాలి. అప్పుడు గుండు పక్కకు పోతుంది. అలాగే పోయింది. వరసగా నాలుగు శనివారాలు పోయింది. ట్రిగ్గర్ దగ్గర చెయ్యి లాగుతోందని క్లబ్బులో పెద్దవాళ్లు అన్నారు. స్కోప్ విప్పి చూద్దామని ఒకాయన అంటే రహీం ఒప్పుకోలేదట. బిగించింది మావాడు, అందులో తప్పుండదు అన్నాడట. ఈ మాట నాకు అతనే చెప్పాడు, నవ్వుతూ.

మీకు ఇంకొకటి చెప్పాలి. వాళ్ల నాన్నకు నలభై దాటగానే చేతులు వణకడం మొదలైంది. చొక్కా గుండీలు వాళ్లమ్మే పెట్టేదట. తనకూ అది వస్తుందేమోనని రహీంకు భయం. ఆ భయం నాకొక్కడికే చెప్పుకున్నాడు. స్కోప్ తిప్పిననాటికి నాకది తెలుసు. గుర్తులేదని చెబితే మీరు నమ్ముతారేమో. గుర్తుంది.

జట్టులోకి వేరేవాణ్ణి తీసుకున్నారు. ఆరోజు మా ఇంటి మెట్ల మీద కూర్చుని అరచేతులు రెండూ చూసుకుంటూ, "నాకూ మొదలైనట్లుండాదప్పా" అన్నాడు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉంటుందా? డాక్టరుకు చూపించుకో అన్నాను. డాక్టరు ఏమీ లేదన్నాడు. మొదట్లో ఈ జబ్బు ఏ డాక్టరుకూ దొరకదు, మా నాన్నదీ దొరకలేదు అన్నాడు రహీం. రైఫిల్ అమ్మేశాడు. కొన్నవాడు ఆ స్కోప్ విప్పి పక్కన పడేసి తన సొంతది పెట్టుకున్నాడు. హమ్మయ్య అనుకున్నాను. అవును, ఆ మాటే అనుకున్నాను.

తర్వాత నాకూ ఉద్యోగం దొరికింది, ఇల్లు అమరింది, పక్కవాళ్లు నన్నూ మేట్ అంటున్నారు. ఏదీ రుచించలేదు.

పోయిన నెల రహీం ఇంటికి వెళ్లాను. టీ కప్పు రెండు చేతులతో పట్టుకుని తాగుతున్నాడు. ఇరవై ఏళ్లుగా అలాగే తాగుతున్నాడు, ఎప్పుడు వణుకుతాయోనని. ఆ చేతులు అప్పుడూ వణకలేదు, ఇప్పుడూ వణకడం లేదు. చెబుదామని నోరు తెరిచాను. ఇంకో బిస్కెట్ తీసుకోమన్నాడు. తీసుకున్నాను.

తప్పు ఆ చేతులది కాదని ఇన్నాళ్లూ నాకొక్కడికే తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు.