అత్తమ్మ రాముడు, నా సబ్బు

ముందు నా గోర్లు చూసి నవ్వుడు బంద్ చెయ్యిండ్రి. నిన్న ఏమైందో వింటే మీరే అయ్యో అంటరు!

కమాన్‌పూర్ల మా అత్తమ్మ దగ్గర చేర్యాల బొమ్మ ఒకటుంది. బట్ట మీద రంగులతోని గీసిన సీతారాములు, పక్కన లక్ష్మణుడు. వాళ్ల నాయన దగ్గరుండి గీయించిండట. ఆయన గుర్తు ఇగ అదొక్కటే. తెల్లారితే నవమి పూజ మా క్వార్టర్ల అని దాన్ని తెచ్చి నా చేతిల పెట్టింది. "పాణం లెక్క చూస్కో అల్లుడా" అన్నది.

చూసిన. సీతమ్మ పచ్చగ మెరుస్తున్నది. లక్ష్మణుడు తెల్లగున్నడు. రాముడొక్కడే నల్లగున్నడు! రాముడు నీలమని నాకు తెల్వదా? తెలుసు! గని అది నీలం లెక్క లేదు, బొగ్గు గని డ్యూటీ దిగిన నా మొఖం లెక్క ఉన్నది. ఓపెన్‌కాస్ట్ గని దుమ్ము మన బియ్యం డబ్బాలనే ఇడ్వదు, దేవుణ్ణి ఇడుస్తదా?

ఫ్రేము ఇప్పిన. మా ఆమె వంటింట్లకెళ్లి అరిసింది.

"ఏం చేస్తున్నవ్?"

"దేవుని మొఖం కడుగుతున్న!"

"పొడిబట్టతోని జర తుడువు, గంతే!"

నేను వింటనా? తడిబట్ట పెట్టిన. బట్టకు నలుపంటింది. "చూసినవా, ఎంత మసి ఉన్నదో!" అని సంబురంగ సబ్బు తీసిన. తోమినకొద్దీ వస్తనే ఉన్నది. తీరా చూస్తే బకెట్ల నీళ్లు నీలం! బొగ్గు మసి కడిగితే నీలం నీళ్లు వస్తయా? గప్పుడు వెలిగింది నా బుర్ర. అప్పటికే రాముడు తెల్లగై, లక్ష్మణునికి కవల లెక్క నిలబడ్డడు.

అత్తమ్మ వచ్చి చూసింది. తిట్టినా బాగుండు. మెల్లగ అన్నది: "ఆకాశానికి అంతు లేదు, సముద్రానికి అంతు లేదు. దేవునికీ లేదని గా రంగు వేస్తరు అల్లుడా."

నిజం చెప్తున్న, ఏడుపొచ్చింది. అంతు లేనోణ్ణి ఒక్క బకెట్ల దించిన!

ఇగ నా చేతులు పట్టి చూసింది. గోర్ల సందులల్ల నీలం! సబ్బుతోని రాముని రంగు పోయింది గని, నాది పోత లేదు. "మా నాయన వేయించిన రంగు ఇగ గిక్కడనే మిగిలింది. రేపు పూజ అయ్యేదాక చేతులు కడిగితే చూడు!" అన్నది.

ఇయ్యాల పొద్దుగాల మా ఆమె చెంచతోని ఉప్మా తినిపించింది. పూజ ఇంక కాలేదు, ఇగ షిఫ్టుకెట్ల పోవాలె? బొగ్గు ముట్టుకుంటే రాముడు మల్ల నల్లగైతడాయె! చెప్పుండ్రి, సూపర్‌వైజర్‌ను ఏమని లీవ్ అడగాలె, గోర్లల్ల దేవుడున్నడనా?