సైకిలుకు చేప నూనె

గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజులవి. విశాఖపట్నం నుంచి సైకిలు మీద బయలుదేరిన మూడో రోజు, ధవళేశ్వరం దగ్గర కాలువ గట్టు మీద కుంభవృష్టి పట్టుకుంది. చక్రాలకు చుట్టుకున్న బంకమట్టిని పుల్లతో గీక్కుంటూ, సైకిలు తోసుకుంటూ వెళ్లి ఒక జాలరి గుడిసె చూరు కింద నిలబడ్డాను. ఇంటావిడ నాకు పొడిబట్ట ఇచ్చి లోపల పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది.

వాన తగ్గాక బయటికొచ్చి చూద్దును కదా, ఆవిడ నా సైకిలుకు చేప నూనె పూస్తోంది! ఇనుముకే కాదు, నేను కూర్చునే తోలు సీటుకు కూడా. నాకు ఒళ్లు మండిపోయింది.

“ఎవరు పూయమన్నారమ్మా? ఈ కంపుతో రాజమహేంద్రవరంలో నేను ఎవరి గడప ఎక్కను?”

ఆవిడ నాకంటే గట్టిగా కసిరింది. “పడవకి పూస్తాం కదండీ! వానలో తిరిగేదానికి పూయకపోతే ఎలాగండి? ఇంత దూరం తొక్కుకొచ్చారు, దీనికో చుక్క నూనె పెట్టాలని తోచలేదేంటండి మీకు?”

నేను విసురుగా సైకిలెక్కాను. మళ్లీ వాన మొదలైంది. మూడు రోజులుగా కిర్రుమంటున్న చక్రాలు కిక్కురుమనలేదు. సీటు మీద చుక్క నీరు నిలవలేదు.

రాజమహేంద్రవరంలో సత్రం గుమాస్తా నన్ను చూడగానే ముక్కు మూసుకున్నాడు. “ఏంటండీ ఈ కంపు? ఆ బండికి ఏం పూశారండి? దాన్ని వానలోనే వదిలేసి రండి.”

నాకు మళ్లీ ఒళ్లు మండింది.

“వానలో తిరిగేదానికి పూయకపోతే ఎలాగండి?” అని కసిరి, సైకిలును భుజానికెత్తుకుని సత్రం గడప ఎక్కాను.