సగం తాత, సగం రాజా

ఆ రోజుల్లో ఫోటో దిగడమంటే చిన్న పని కాదు. మనిషి తలంటు పోసుకుని, సందుగులోంచి కొత్త బట్టలు తీసి, ఊపిరి బిగబట్టి, దేవుడి ముందు నిలబడ్డంత భక్తిగా కెమెరా ముందు నిలబడేవాడు. మరి ఆ కెమెరా పక్కన నిలబడ్డవాడికి ఎంత పొగరుండాలి! పందొమ్మిదేళ్లకు నాకు పొగరు నిండుగా ఉండేది, పని మాత్రం సగమే వచ్చేది. జహీరాబాదులో బొంబాయి రోడ్డు పక్కన మా మేనమామకు ఫోటో స్టూడియో ఉండేది. మూడు కాళ్ల మీద పెద్ద చెక్క కెమెరా, దాని మీద నల్లగుడ్డ, లోపల గాజు పలక. మూత తీసి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి మళ్లీ మూత పెట్టాలి. ఆ కాసేపు ముందున్నవాళ్లు కదిలితే అంతే సంగతులు. అందుకే మామ నాకు మొదటి రోజే చెప్పాడు. "సంటిపిల్లలను తియ్యొచ్చుర, తల్లి పట్టుకుంటది. జీవాలను మాత్రం తియ్యొద్దు. వాటికి అంకెలు రావు." (నాకు వచ్చని ఆయన నమ్మకం.)

ఒకసారి మామ హుమ్నాబాద్‌లో ఏదో పెళ్లికి ఫోటోలు తీయడానికి పోతూ, దుకాణం తాళాలు నా చేతికిచ్చాడు. "తెరిచి కూసో. వచ్చినోళ్లకు నేను వచ్చే రోజు చెప్పు. గంతే." పెట్టెలో ఒక్కటే పలక మిగిలింది. ఆ సాయంత్రమే టాంగా తాత వచ్చాడు. స్టేషన్ నుంచి బజారుకు టాంగా తోలే ముసలాయన, ఊరందరికీ తాతే. పండగలకు తొడిగే నల్లకోటు తొడుక్కుని, తన గుర్రం రాజాను చేత్తో పట్టుకుని గుమ్మం ముందు నిలబడ్డాడు. రాజా తెల్లగుర్రం, ఒంటి మీద అక్కడక్కడ బూడిదరంగు మచ్చలు.

"బస్సులొచ్చినంక టాంగ ఎక్కేటోడు లేడు బిడ్డా. నా మోకాళ్లు సుత పనిజేస్తలేవు. రేపు పొద్దుగాల బీదర్ నుంచి కొన్న మనిషొస్తడు, రాజాను తోల్కపోతడు. జర దాని మొఖం మంచిగ కనవడేటట్టు ఒక్క ఫోటువ తియ్యి. కండ్లు మసకలైతున్నయి. దాని మొఖం మర్శిపోతనేమోనని బుగులైతున్నది."

మామ లేడు, ఎల్లుండి రా అనాలి. ఎల్లుండికి రాజా ఉండదు. అదీకాక, పాపం, ముసలాయన నన్ను చూసి "ఫోటో సారూ" అన్నాడు. అంతవరకు నన్ను సారూ అన్నవాళ్లు లేరు. ఇంకేముంది, కెమెరా మోసుకొచ్చి స్టూడియో పక్కన సున్నం కొట్టిన గోడ ముందు దింపాను. రాజాను అడ్డంగా నిలబెట్టాను. తాతను దానికి అవతలి పక్కన, సరిగ్గా మెడ దగ్గర నిలబడమన్నాను. "ఏం జరిగినా కదలొద్దు తాతా!" అని గట్టిగా చెప్పి, మూత తీసి, మామలాగే కళ్లు మూసుకుని లెక్కపెట్టాను. (మామ అనుభవంతో మూసుకునేవాడు. నేను మూసుకున్నది దర్జా కోసం.) కళ్లు తెరిచేసరికి తాత రాయిలా నిలబడి ఉన్నాడు. రాజా తాపీగా ఏదో నములుతోంది. బ్రహ్మాండంగా వచ్చిందనుకున్నాను.

మర్నాడు పొద్దున రాజాను బీదర్ రోడ్డు వైపు నడిపించుకుపోవడం దుకాణం గుమ్మంలోంచి చూశాను. తాత దాని వెనకాల కొంత దూరం నడిచి, ఆగిపోయాడు. నేను లోపలికి పోయి, ఎర్రదీపం కింద పలక కడిగి, కాగితం మీద ఫోటో తీశాను. చూశాక నా పై ప్రాణాలు పైనే పోయాయి. గుర్రం ఒళ్లుంది, నాలుగు కాళ్లున్నాయి, తోక ఉంది. మెడ లేదు, తల లేదు. మెడ ఉండాల్సిన చోట నడుము నుంచి పైకి కోటు తొడుక్కున్న తాత ఉన్నాడు! నేను అటు కళ్లు మూసుకోగానే రాజా ఇటు తాత వెనక్కి తల తిప్పేసింది. కదిలిన తెల్లటి మెడ తెల్లగోడలో కలిసిపోయింది. పెన్సిలుతో మెడ గీసి అతికిద్దామని చూశాను. మొదటిసారి ఒంటె వచ్చింది, రెండోసారి మేక వచ్చింది. తుడిచేసి, తల పట్టుకుని కూర్చున్నాను. మామ తిట్లకు నేను భయపడలేదు. ముసలాయన అడిగింది ఒక్కటే, రాజా మొఖం. అది ఇక ఈ జన్మలో దొరకదు.

అప్పుడే మా బడి చరిత్ర సారు తన ఫోటోల కోసం వచ్చారు. నా ముందున్నది చూసి నవ్వుతారనుకున్నాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, "ఒరేయ్, సెంటారును తీశావురా!" అన్నారు. ఇంటికి పోయి ఒక లావుపాటి పుస్తకం తెచ్చి నా ముందు తెరిచారు. గ్రీకుల పాతకాలపు కుండ మీద బొమ్మ, పైన మనిషి, కింద గుర్రం. వాళ్ల కథల్లో ఇలాంటివాళ్లు అడవుల్లో, కొండల్లో తిరిగేవారట. ఒట్టి తాగుబోతులు, పెళ్లికి పిలిస్తే పెళ్లికూతురినే ఎత్తుకుపోబోయారట. కానీ వాళ్లలో కైరన్ అనే ఒక్కడు మహా జ్ఞాని. వైద్యం, సంగీతం తెలిసినవాడు. పెద్దపెద్ద వీరులంతా చిన్నప్పుడు అతని దగ్గరే చదువుకున్నారట. "అందుకే కైరన్‌కు మాత్రం గౌరవంగా బట్టలు తొడిగి గీసేవారురా. చూడు, మీ తాతకూ కోటుంది. మన పంచాంగంలో ధనూరాశికి విల్లు పట్టిన బొమ్మ చూడలేదూ, అదీ ఈ జాతే" అన్నారు సారు. మునిగిపోయేవాడికి తాడు దొరికినట్టయింది నాకు. దారంతా ఆ కథ వల్లె వేసుకుంటూ తాత ఇంటికి నడిచాను.

తాత ఖాళీ కొట్టం ముందు కూర్చుని ఉన్నాడు. ఫోటో చేతిలో పెట్టి, ఆయన నోరు తెరవకముందే గ్రీకుదేశం, కైరన్, ధనూరాశి అన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను. ఆయన ఫోటోను దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూశాడు.

"గదంత మంచిగనే ఉన్నది. నా రాజా మొఖమేది బిడ్డా?"

ఆ ప్రశ్నతో నా గ్రీకుదేశం మొత్తం కూలిపోయింది. "తప్పు నాదే తాతా. కండ్లు మూసుకున్న. అది తల తిప్పింది నేను చూడలె" అన్నాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. తాత మాత్రం నన్ను తిట్టలేదు. ఫోటోలో కోటు అంచు మీద వేలు పెట్టాడు. అది ఒక పక్కకు సాగి ఉంది.

"ఏడ్వకు. నాకు అప్పుడే ఎర్కనే. ఎన్క జేబుల బెల్లముండె. రాజా కోటు గుంజి తీస్కున్నది. నువ్వు కదలొద్దంటివి, నేను కదల్లె. సూడు, గీ గుంజుడు దానిదే." కాసేపు ఆ కోటు అంచునే తడిమాడు. తర్వాత చాలా మెల్లగా అడిగాడు. "గా కథల, గుర్రం దిక్కు సగాన్ని ఎవరన్న అమ్ముకున్నరా బిడ్డా?"

"లేదు తాతా."

"మరి నేనెట్ల అమ్ముకుంటి?" అని లేచి, తలపాగా చుట్టుకుని, ఫోటో, రాజాను అమ్మిన పైసలు జేబులో పెట్టుకుని సీదా బస్సుల దగ్గరికి నడిచాడు. జీవితంలో ఎన్నడూ బస్సెక్కనన్న మనిషి బీదర్ బస్సెక్కాడు!

మరుసటి రోజు సాయంత్రం బీదర్ రోడ్డు మీద ఇద్దరూ నడుచుకుంటూ వచ్చారు, మోకాళ్లు పనిచేయవన్న తాత ముందు, రాజా వెనక. కొన్నాయన మొదట ససేమిరా అన్నాడట. తాత ఫోటో చూపించి, "మేమిద్దరం గిట్లుంటం" అన్నాడట. ఆయన ఫోటోను చూసి, గుర్రాన్ని చూసి, మళ్లీ తాతను చూసి, దండం పెట్టి, పైసలు తీసుకుని పగ్గం చేతికిచ్చేశాడట. టాంగా బజారులో నడవకపోతే ఏం, అల్లం సంచులకు, చెరుకు మోపులకు బస్సు రాదు కదా. రాజా ఇంకా కొన్నేళ్లు ఆ బరువులే లాగింది.

ఊరు నుంచి వచ్చిన మామ నన్ను వాయించాల్సినంత వాయించాడు. ఆ తర్వాత తానే కొత్త పలక వేసి, తన నియమం తానే తప్పి, తాతను, రాజాను పక్కపక్కన నిలబెట్టి ఫోటో తీశాడు. రాజా కనురెప్పలు కూడా లెక్కపెట్టొచ్చు, అంత స్పష్టంగా వచ్చింది. తాత దాన్ని చాలాసేపు చూసి, మర్యాదగా మామ చేతికి తిరిగిచ్చాడు.

"మంచిగున్నది సారూ. గని ఇందుల మేము ఏరేరుగ ఉన్నం."

తాత ఇంట్లో గోడ మీద చివరిదాకా వేలాడింది నేను తీసిందే. ఆ తర్వాత నలభై ఏళ్లు నేను కళ్లు తెరుచుకునే లెక్కపెట్టాను. పెళ్లిళ్లు, పేరంటాలు, ఎవరి తలలు వాళ్ల మెడల మీదే ఉన్నాయి, ఒక్కటీ తప్పిపోలేదు. ఇప్పుడు తీరిగ్గా కూర్చుని తలుచుకుంటే నవ్వొస్తుంది. నా జన్మకంతా నేను తీసిన మంచి ఫోటో అదొక్కటే. అదీ నేను చూడనప్పుడు.