ఒంటెమోకాలు దగ్గర తుఫూల్ అత్త

మా తీరంలో ఆడవాళ్లు సముద్రంలో మునిగేది ఏడాదికి పది రోజులే. వానకాలపు పొగమంచు కొండల మీంచి తొలగిపోయి, నీళ్లు తేటపడ్డాక వచ్చే పది రోజులు. బండలకు అతుక్కుని ఉండే ఒంటిచిప్ప నత్తల్ని ఇనుప చీలతో పెకలించి తెస్తారు. మేం వాటిని సుఫైలా అంటాం. పడవలు, వలలు, సొరచేపలు మగవాళ్లవి. బండలు మాత్రం ఆడవాళ్లవి. ఇంటికో బండ. ఒక ఇంట్లో రెండేళ్లు వరసగా ఎవరూ మునగకపోతే ఆ బండ ఇంకో ఇంటికి పోతుంది. మా ఇంటి బండ పేరు ఒంటెమోకాలు. దాన్ని నలభై ఏళ్లు చేజారకుండా కాపాడింది మా మేనత్త తుఫూల్.

ఆవిడ గురించి అడిగితే ఊళ్లో ఎవరైనా ముందు ఆ గొంతు గురించే చెబుతారు. అత్త మొదటి నుంచీ గట్టిగానే మాట్లాడేది. చివరి ఐదేళ్లలో మరీ గట్టిగా మాట్లాడసాగింది. పక్కనున్నవాళ్లతో కూడా పడవలో ఉన్నవాళ్లను పిలిచినట్టు మాట్లాడుతుంటే, వయసొచ్చేకొద్దీ పొగరు పెరిగిందని చెవులు కొరుక్కునేవాళ్లు. ఆ కొరుక్కోవడం కూడా ఆవిడకు వినపడలేదని నాకు ఆలస్యంగా తెలిసింది.

ఆ సాయంత్రం నాకింకా గుర్తే. అత్త పొయ్యికి వీపు పెట్టి కూర్చుని సొరచేప ముక్కలకు ఉప్పు రాస్తోంది. వెనకాల టీ గిన్నె మూత టకటకా కొట్టుకుని, పాలు పొంగి, నిప్పు మీద పడి బుస్సుమంది. ఆవిడ తల తిప్పలేదు. నేను వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"ఎప్పట్నించి అత్తా?"

నా పెదవులకేసి చూసింది. పట్టుబడ్డానని అర్థమైంది. నవ్వేసింది.

"ఎడమది పోయి నాలుగేళ్లయిందే ముజ్నా. కుడిది మొన్న వానకాలంలో పోయింది, చెప్పాపెట్టకుండా."

"మామకు తెలుసా?"

"ఆయనకెలా తెలుస్తుంది? ముప్పై ఏళ్లలో ఆయన మాట నేనెప్పుడు విన్నాను గనక?"

మామ మహాద్ ఆ మాట నిజమేనని, అంతా అయ్యాక, ఊళ్లోవాళ్ల దగ్గర ఒప్పుకున్నాడని విన్నాను. పిలిస్తే పలకదు, వద్దంటే చేస్తుంది, ఇందులో కొత్తేముందని అనుకున్నాడట.

నవ్వి వదిలేసే సంగతి కాదని నాకు తెలుసు. మునిగినవాళ్లకు పైనుంచి వేసే కేక వినపడదు. నీళ్లలో రాయి మీద రాయి కొడితే మాత్రం ఆ చప్పుడు చాలా దూరం పోతుంది. అందుకే మునిగే మనిషికి తోడుగా ఇంకో మనిషి బండ మీద రెండు రాళ్లు పట్టుకుని కూర్చుంటుంది. అల పెరిగితే, నీటి రంగు మారితే, పైకి రమ్మని రాళ్లు కొడుతుంది. చెవి లేని మనిషి కిందికి వెళ్తే ఆ మనిషికి పైన ఎవరూ లేనట్టే.

మొదటి రోజు పొద్దున్నే, మునిగే ఆడవాళ్లందరికీ పెద్దదిక్కైన ఘాలియా అవ్వ ఈ సంగతే పరీక్ష చేస్తుంది. మునిగేవాళ్లనీ తోడువాళ్లనీ అందర్నీ నడుము లోతు నీళ్లలో వరసగా నిలబెట్టి తలలు ముంచమంటుంది. తనూ వంగి నీళ్లలో రాళ్లు కొడుతుంది. ఎన్ని దెబ్బలు వినపడితే అన్ని వేళ్లు నీటిపైకి చూపాలి. తప్పు చూపినవాళ్లు ఆ ఏడాది ఒడ్డున కూర్చుని చిప్పలు కడగాలి. ఎంత పెద్ద ఇంటి మనిషికైనా అంతే.

"నువ్వు నా పక్కన నిలబడు," అంది అత్త. "అవ్వ ఎన్ని కొడితే అన్నిసార్లు నా తొడ మీద గిల్లు. వేళ్ల సంగతి నేను చూసుకుంటా."

"అవ్వ చూస్తే?"

"ఒడ్డున పడి ఉన్న ఒంటెనే పోల్చుకోలేదు, నీళ్లలో నీ చెయ్యి చూస్తుందా? గిల్లు. గట్టిగా గిల్లకు, నా మొగుడికి జవాబు చెప్పుకోవాలి."

జాలిపడి ఒప్పుకున్నానని చెప్పుకుంటే బాగుంటుంది. అది అబద్ధం. నేను రెండు నిలువుల లోతు దిగితే ముక్కులోంచి రక్తం కారుతుంది. అత్త ఒడ్డున కూర్చుంటే మా ఇంట్లో మునిగేవాళ్లు లేరు, రెండేళ్లలో ఒంటెమోకాలు పోతుంది. బండ లేని ఇంటి ఆడదాన్నని ఊళ్లో పిలిపించుకోవడం నాకిష్టం లేదు. అందుకని గిల్లాను. అవ్వ నాలుగు కొట్టింది, నాలుగు గిల్లాను, అత్త నాలుగు వేళ్లు చూపింది. అవ్వ ఆవిడ భుజం తట్టి మరీ ముందుకు వెళ్లింది.

ఆ మధ్యాహ్నమే అత్త పావడా మడతల్లోంచి సన్నటి నల్ల తాడు తీసింది. వలకు వాడే నైలాన్ తాడు. ఒక కొసను బట్టల లోపల నడుముకు కట్టుకుని రెండోది నా చేతికిచ్చింది.

మా ఊళ్లో తాడు కట్టుకుని మునగడం నిషేధం. ఆ నిషేధం వచ్చిందే మా ఇంటి వల్ల. అత్తకు పన్నెండేళ్లప్పుడు వాళ్లక్క అల్వా ఇదే బండ దగ్గర తాడు కట్టుకుని మునిగి పైకి రాలేదు. పైన తాడు పట్టుకుని కూర్చున్నది తుఫూల్ అత్తే. ఆ తర్వాత నుంచి తాడు కట్టిన ఇంటి బండ తీసేసుకుంటామని పెద్దలు కట్టడి చేశారు.

"అత్తా, తాడా? అల్వా అత్తకు అలా జరిగాక కూడానా?"

"తాడు తప్పేం లేదు," అంది, నా పెదవుల మీంచి చూపు తిప్పుకుంటూ. "పట్టుకున్నది సరిగ్గా పట్టుకోలేదు. పన్నెండేళ్ల పిల్ల ఏం పట్టుకుంటుందే? నువ్వు అలా కాదు. నువ్వు ఒకసారి లాగితే పైకి రమ్మని. నేను ఒకసారి లాగితే వస్తున్నానని. అంతే. ఇందులో ఏముంది?"

నువ్వు అలా కాదన్న మాటకు పొంగిపోయాను. అంతకు మించి ఏమీ అడగలేదు.

మా బండ ఊరి బండలన్నిటికీ అవతల, కొండ మలుపు దాటాక ఉంటుంది. మమ్మల్ని చూసేవాళ్లు లేరు. ఆ ఏడు పది రోజులూ తాడుతోనే గడిచాయి. లాగేదాన్ని, బదులు లాగేది, పైకొచ్చేది. నీళ్లలోంచి తల ఎత్తి పెద్దగా ఈల వేసినట్టు ఊపిరి వదిలేది. నడుముకు కట్టిన సంచి నిండా సుఫైలాలు. బండ మీద వెల్లకిలా పడుకుని పాట ఎత్తుకునేది. రాగం తప్పిపోతోందని ఆవిడకు తెలియదు. నేను చెప్పలేదు. మరుసటి ఏడు కూడా పరీక్షలో గిల్లాను. అప్పటికి నాకు భయం కూడా పోయింది, అదే నా ఖర్మ.

ఆ రెండో ఏడు ఆరో రోజు తెల్లారుతూనే నాకు ఏదో బాగాలేదనిపించింది. ఎండబెట్టిన చిన్న చేపల కోసం రోజూ దిగే ఒంటెలు సగం దారిలో ఆగి వాసన చూసి తిరిగి కొండెక్కేశాయి. నల్ల నీటికాకులు సముద్రానికి వీపు పెట్టి బండల మీద బారుగా కూర్చున్నాయి. గాలి అన్నది లేదు. అయినా అలలు పొడుగ్గా, నెమ్మదిగా, ఒకదానికొకటి చాలా ఎడంగా వస్తున్నాయి. ఎక్కడో దూరాన ఏదో జరిగి, దాని సంగతి మాకు ఆలస్యంగా చేరుతున్నట్టుంది.

మామ వాకిట్లో అడ్డంగా నిలబడ్డాడు. "ఇవాళ వద్దే తుఫూల్. అల నాకు నచ్చలేదు."

అత్త ఆయన పెదవులు చూసింది. అర్థమైంది కూడా. "అలను నువ్వు చేసుకుంటున్నావా నచ్చడానికి? జరుగు," అంటూ ఆయన్ను తోసుకుని బయటికి నడిచింది. ఆయన నావైపు చూశాడు. నేను తల దించుకుని వెనకే వెళ్లాను.

దారిలో కొండకు ఒక బొక్క ఉంది. అల లోపలికి పోయి అందులోంచి గాలిని తోస్తుంటే గుర్రుగుర్రుమంటుంది. ముసలాడి ముక్కు అంటాం దాన్ని. ఆ గురక వింటూనే మా ఆడవాళ్లు బండల మీదికి వెళ్తారు. గురక ఉన్నంతసేపు పర్వాలేదు. గురక ఆగిందంటే సముద్రం నీటినంతా వెనక్కి లాక్కుంటోందని, దాని తర్వాత వచ్చేది మామూలు అల కాదని అందరికీ తెలుసు. అత్త చిన్నప్పటి నుంచీ ఆ చప్పుడుతోనే సముద్రాన్ని అంచనా కట్టిన మనిషి. ఆవేళ దాని ముందు నుంచి నడిచిపోతూ నన్నడిగింది, "ముసలాడు ఎలా ఉన్నాడే?"

"గురక పెడుతున్నాడు," అన్నాను.

"అయితే సరే. నాలుగు మునకలు వేసి వచ్చేద్దాం."

మూడు మునకలు బాగానే వేసింది. నాలుగోసారి దిగేముందు నా వైపు చూసి, కింద పెద్ద చీలికలో గుంపు ఉందని, అది తెచ్చి ఇంటికి పోదామని చేతులతో చెప్పింది. తల నీళ్లలోకి పోయింది. నల్ల తాడు నా చేతుల్లోంచి చరచరా జారి, ఆగింది.

అప్పుడు గురక ఆగిపోయింది.

ఎంత నిశ్శబ్దమంటే మలుపు అవతల ఘాలియా అవ్వ "పైకి! పైకి!" అనడం నాకు పక్కనే అన్నట్టు వినపడింది. మరుక్షణం అన్ని బండల మీంచీ ఒకేసారి రాళ్లు మోగాయి. ఆ దెబ్బలు నీళ్లలోంచి నా అరికాళ్లకు తగిలాయి. మలుపు దగ్గర ఒక తల లేచింది, ఇంకోటి లేచింది. కింద మా అత్త ఒక్కతే ఆ మోత వినకుండా చీలికలో చెయ్యి పెట్టి ఉంది. నా కాళ్ల కింద నీరు జారిపోతోంది, ఎన్నడూ చూడని బండల పాదాలు బయటపడుతున్నాయి.

తాడు లాగాను.

ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత తాడు బిగిసి, అవతల నుంచి ఒకసారి లాగింది. స్పష్టంగా. వస్తున్నాననే లాగు. అల్లా నీకు వెయ్యి దండాలు అనుకుని ఊపిరి వదిలాను. పైకి వస్తుందని తాడు చుట్టుకోబోయాను. చుట్టుకోవడానికి రాలేదు. మళ్లీ లాగాను. మళ్లీ బదులొచ్చింది, మొదటిదానికంటే గట్టిగా. వస్తోంది, కాస్త ఓపిక పట్టాలి అనుకున్నాను. ఓపిక పట్టాను. నా బతుకులో నేను చేసిన అతి పెద్ద తప్పు ఆ ఓపిక.

అల వచ్చింది. నన్ను బండ మీంచి ఎత్తి ఒడ్డు రాళ్ల మీద విసిరింది. తాడు రెండు అరచేతుల్నీ కోసుకుంటూ వెళ్లిపోయింది.

సముద్రం మూడు రోజులు ఎవర్నీ దిగనివ్వలేదు. నాలుగోనాడు మామ, మరో ఇద్దరు దిగి ఆవిడను తెచ్చారు. సంచి నిండా ఉంది. కొండ కింద అల్వా పక్కనే పాతిపెట్టారు. ఆ సాయంత్రం నుంచి మామ నాతో ఇప్పటిదాకా మాట్లాడలేదు.

అందరూ వెళ్లాక ఘాలియా అవ్వ వచ్చి నా పక్కన చతికిలబడింది. అన్నీ చెప్పేశాను. గిల్లడం, తాడు, చెవులు, బండ మీద ఆశ. చెంప పగలగొడుతుందని ఎదురుచూశాను, పగలగొడితే బాగుండనుకున్నాను. ఆవిడ చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

"కానీ నేను లాగాను అవ్వా," అన్నాను. నాకు ఏడుపు ఆగలేదు. "అత్త బదులిచ్చింది. రెండుసార్లు లాగింది. నా చేతికి తెలిసింది. వస్తున్నానంది, అందుకే నేను..."

"తుఫూల్ లాగలేదు తల్లీ."

"లాగింది అవ్వా!"

"మగవాళ్లు చూసొచ్చారు. నడిమధ్యలో బండ కొమ్ముకు తాడు రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోయి ఉంది. నువ్వు లాగింది బండని. నీళ్లు వెనక్కి పోయినప్పుడల్లా తాడు తిరిగి లాగింది. కింద ఆవిడకు ఏమీ తెలిసి ఉండదు."

నా అరచేతులు తీసుకుని తాడు కోసిన గీతల్ని బొటనవేలితో తడిమింది.

"అల్వా పోయిన రోజు కూడా ఇంతే. తుఫూల్ అప్పటికి నీ అంత కూడా లేదు. ఇలాగే చేతులు చూపించి, అల్వా లాగింది పిన్నీ, వస్తున్నానని లాగింది, అంది. కాదే, అది బండ అని మేమంతా చెప్పాం. తాడు తెచ్చి చూపించాం. నమ్మలేదు. అక్క బదులిచ్చింది, నేనే పైకి లాగలేకపోయాను అనుకుంటూ నలభై ఏళ్లు బతికింది. నిన్ను కూర్చోబెట్టి తాడు ఇచ్చిందీ అందుకే. గట్టి చేతులైతే లాగగలవని."

ఒంటెమోకాలు ఇప్పుడు వేరే ఇంటివాళ్లది. ఆ పది రోజులు నేను ఒడ్డున కూర్చుని చిప్పలు కడుగుతాను. అవ్వ చెప్పింది నిజమని నాకు తెలుసు, తాడు నేనూ చూశాను. అయినా చెయ్యి నీళ్లలో పెట్టిన ప్రతిసారీ నాకు ఆ లాగుడు తెలుస్తుంది. అది అత్తే.